నాయనకు వినిపించిన నాలుగు తీగలు

పోయిన నెల గుడియాత్తంలో మా మేనమామ మనవరాలి పెళ్ళికి పోయాను. రిసెప్షన్‌లో బంతి లేచేదాకా ఎక్కడైనా కూలబడదామని చూస్తే మండపమంతా కిక్కిరిసి ఉంది, స్పీకరు పెట్టెల పక్కన మాత్రం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి; అవి ఎందుకు ఖాళీగా ఉన్నాయో కూర్చున్నాక గాని తెలియలేదు. కుర్చీ కాళ్ళలోంచి మోత పాకి మోకాళ్ళలోకి, అక్కడినుంచి పళ్ళలోకి ఎక్కింది. అయినా లేవబుద్ధి కాలేదు. వేదిక మీద చూస్తే పాడే పిల్ల ఒకతి, కీబోర్డు ముందు ఒక అబ్బాయి, అంతే. ఇంత లావు మోత ఎవరి చేతిలోంచి వస్తున్నదా అని వెతికాను, నాలుగు తీగల గిటారు పట్టుకున్న మనిషి ఎక్కడా లేడు. పాట అయ్యాక ఆ అబ్బాయినే అడిగితే, "బేసా అవ్వా? అంతా ఇందులోనే ఉండాది" అని సెల్‌ఫోను ఎత్తి చూపించి నవ్వాడు. పాపం, వాడి తప్పేముంది. నేను మాత్రం ఆ పూట బంతిలో కూర్చుని ఏమి తిన్నానో నాకు తెలియదు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన పక్క పెళ్ళి అయినా, అమ్మవారి జాతర అయినా, చర్చిలో పండుగ అయినా సరే, మెల్లిసై కచేరి అని ఒకటి ఉండి తీరేది. సినిమా పాటలను అచ్చం రికార్డులో ఉన్నట్టే వాయించే ట్రూపులు వేలూరులో వీధికొకటి చొప్పున ఉండేవి. మా అన్న అలాంటి ఒక ట్రూపులో బేస్ గిటారు వాయించేవాడు. పాడేవాళ్ళకు చప్పట్లు పడేవి, డ్రమ్ములవాడికి ఈలలు పడేవి, బేస్ వాయించేవాడి వైపు ఎవరూ చూసేవాళ్ళు కాదు. అది మోగుతున్నంతసేపు ఉన్నట్టే తెలియదు, ఆపేస్తే మాత్రం పాటలోంచి ఏదో జారి పడిపోయినట్టు అందరికీ తెలుస్తుంది. ఇంట్లో ఆడదాని పని కూడా అంతే కదా అని మా అమ్మ అనేది.

మాది వేలూరులోనే తొరపాడి, జైలు గోడకు ఇవతలి వీధి. తాతల నాడు కట్టడం పనులకు వచ్చి ఇక్కడే నిలిచిపోయిన తెలుగు కుటుంబాలు ఆ వీధినిండా ఉండేవి. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపం వస్తే రెండూ. చదవడం రాయడం మాత్రం చాలామందికి అరవమే. మా అమ్మ చిత్తూరు వైపు మనిషి కాబట్టి పట్టుబట్టి నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది, అన్నను కూర్చోబెడితే పలక వదిలేసి పారిపోయాడు. నాయన బండ క్వారీలో డ్రిల్లింగు మిషను పట్టేవాడు. కట్టడాలకు రాయి కావాలి, రాయి కావాలంటే బండకు తూట్లు వెయ్యాలి, ఆ తూట్లు వేసే మిషనును పొట్టకు ఆనించుకుని పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా నిలబడే పని ఆయనది. చెవుల్లో దూది, తలకు తువ్వాలు, అదే ఆయనకున్న కాపుదల. చెవులు మందగించడం మొదలైనప్పుడు లోపల రాతిదుమ్ము గడ్డకట్టిందని ఆయన నమ్మాడు, కోట దగ్గర కూర్చునే గుబిలి తీసేవాళ్ళ చేత తోడించుకుని, కొబ్బరినూనె పోయించుకుని వచ్చేవాడు. పోయింది దుమ్ము వల్ల కాదు, మోత వల్ల అని పెద్దాసుపత్రిలో చెప్పేటప్పటికి చేయడానికేమీ మిగల్లేదు. అప్పటి చెవి మిషనంటే జేబులో ఒక డబ్బా, చెవిలో ఒక బిరడా. పెట్టి చూసి, మళ్ళీ క్వారీ మొదలైందిరా దేవుడా అని పీకి పారేశాడు.

చెవుడు అందరూ అనుకున్నట్టు ఒక్కసారిగా రాదు. ముందు సన్నటి చప్పుళ్ళు పోతాయి, పిచ్చుకలు, గాజులు, కుక్కరు కూత. ఆ తర్వాత ఆడవాళ్ళ గొంతులు, పిల్లల గొంతులు. లారీ ఇంజను, ఉరుము, డప్పు, ఇవి ఆఖరుదాకా మిగులుతాయి. "ఊళ్ళో అందురి మాటా వినపడతాది ఈయనకు, నా మాట తప్ప" అని అమ్మ ఎగతాళి చేస్తే మేము పడీ పడీ నవ్వేవాళ్ళం. తర్వాత ఆమె జబ్బుపడి గొంతు పీలగా అయిపోయింది. చివరి రోజుల్లో ఆమె పెదవులు కదిలితే చాలు, నాయన మంచం మీదకు వంగి మా మొహాలు చూస్తూ "ఏమంటుండాది? మీ అమ్మ ఏమంటుండాది?" అని అరిచేవాడు. ఆమె మాటను మేము ఆయన చెవిలో మళ్ళీ అరవాలి. మొగుడికి ఒక్కడికే చెప్పుకోవలసిన మాటలు పిల్లల నోటితో, వీధి వీధంతా వినేలా అరిపించుకోవడం కన్న ఘోరం ఇంకేముంటుంది? అందుకే ఆమె కొన్నాళ్ళకు చెప్పడమే మానేసింది. ఆమె ఏమీ చెప్పకుండానే పోయింది.

ఆ తర్వాత నాయన క్వారీకి పోలేదు. అన్నను కూడా ఆ ఛాయలకు రానివ్వలేదు, ఇంటికి ఒక చెవిటివాడు చాలన్నాడు. అన్న పగలు గోడలకు రంగులు వేసే పనికి పోయేవాడు, ప్రోగ్రాం ఉంటే సాయంత్రం గిటారు. వీధిలో మాత్రం నాయన నడిచి వస్తుంటే చెవిటివాడి ముందు శంఖం అని కూతలు కూసే పోరంబోకులకు కరువు లేదు. ఆయనకు అవి వినపడేవి కావు, నాకు వినపడేవి. వాళ్ళలో ఒకడి ఇంట్లో ఫ్యాను కాలిపోయి నా దగ్గరకే తెస్తే నెల రోజులు తిప్పించుకున్నాను, ఆ సంగతి ఇప్పటికీ తలుచుకుంటే కడుపు చల్లగానే ఉంటుంది.

అవును, నాది వైండింగ్ పని. గుడియాత్తంలో మేనమామకు మోటారు వైండింగ్ షాపు ఉండేది, చిన్నప్పుడు సెలవులకు పోయి అక్కడే నేర్చుకున్నాను. కాలిపోయిన ఫ్యాన్లు, మిక్సీలు, పంపుసెట్లు విప్పి, మాడిపోయిన రాగితీగ తీసేసి కొత్త తీగ చుట్టడం. ఆడపిల్లకు మోటార్లేమిటని మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత మా ఇంటి వసారాలో వరుసకట్టారు. నాయనకు పొద్దుపోక నా పక్కన వచ్చి కూర్చునేవాడు, మెల్లగా వార్నీషు పని ఆయనదైపోయింది. చుట్టిన కాయిలును పచ్చిగా వదలకూడదు, తడి తగిలితే చచ్చిపోతుంది. అందుకని వార్నీషులో ముంచి, కారనిచ్చి, లోపల పెద్ద బల్బులు వెలిగే రేకుపెట్టెలో వేలాడదీసి ఆరబెట్టాలి. మా షాపులో ఒకటే ఆనవాయితీ, బల్లమీద పచ్చి కాయిలు కనపడిందంటే అది వార్నీషుకని అర్థం, ఎవరూ ఎవరికీ చెప్పే పని లేదు. చెవులతో అవసరం లేని పని కాబట్టి నాయన దాన్ని ప్రాణంగా చేసేవాడు. ఆయన ముంచిన కాయిలు మీద ఒక్క బుడగ ఉండేది కాదు.

ఇక గిటారు సంగతి. అన్న దాన్ని అరక్కోణంలో రైల్వేలో పనిచేసి రిటైరయిన ఒక ముసలాయన దగ్గర కొన్నాడు. బరువుకు పిల్లవాడిని ఎత్తుకున్నట్టే ఉండేది. తీగల కింద ఒక నల్లటి దిమ్మె, దాన్ని పికప్ అంటారు. అయస్కాంతం, దాని చుట్టూ తలవెంట్రుక కన్న సన్నటి రాగితీగ. తీగ కదిలితే దాన్ని పట్టుకుని స్పీకరు పెట్టెకు పంపేది అదే, గిటారు గొంతు అదే అనుకోండి. ఆ పాత పికప్ గొంతు లావు, కాస్త మబ్బు, కడుపులోంచి మాట్లాడినట్టు ఉండేది. నాయనకు మొదట్లో అదంటే చిన్నచూపు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా, ఊరంతా ట్రూపును పిలిచి పూలదండలు వేసినా ఆయనకు అన్న వాయింపు కట్టెకు నాలుగు తీగలు కట్టుకుని ఆడుకోవడమే.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్న ముందుగదిలో పెట్టె పెట్టుకుని సాధన చేస్తున్నాడు. వసారాలో గోడకు ఆనుకుని వార్నీషు కలుపుతున్న నాయన ఉన్నట్టుండి తలెత్తి, "ఎవురో పిలుస్తుండారు" అన్నాడు. లేచి గేటుదాకా పోయి వీధికి అటూ ఇటూ చూసి వచ్చాడు. మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఈసారి గోడమీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తీయకుండానే లోపలికి నడిచి, పెట్టె ముందు చతికిలబడ్డాడు. అన్న భయపడి ఆపేశాడు. "ఇంగోతూరి వాయించరా నాయనా" అన్నాడు ఆయన. మనిషి గొంతు మాదిరి ఉందన్నాడు. ఆ పూట మేము ముగ్గురం ఎందుకు ఏడ్చామో చూసినవాళ్ళకు అర్థమై ఉండదు.

అప్పటినుంచి కచేరీ ఎక్కడైతే నాయన అక్కడ. అన్న పెట్టెను వేదిక కింద ఒక పక్కగా పెట్టించి, దాని పక్కన ఆయనకు ఒక కుర్చీ వేయించేవాడు. పాడేవాళ్ళ పాట ఆయనకు చేరేది కాదు, ఆయనకు పాటంటే అన్న వాయించిన అడుగు మోత మాత్రమే. పాటలకు ఆయన పెట్టుకున్న పేర్లు వేరు, మెట్లు దిగే పాట, ఎద్దుబండి పాట, తలుపు తట్టే పాట. ఫలానా సినిమాలోది అని మేము చెబితే ఒప్పుకునేవాడు కాదు. "తలుపు తట్టేది ఈ పొద్దు కొంచెం తొందరపడినావు" అని ఇంటికొచ్చాక తప్పులు పట్టేవాడు, పట్టిన తప్పు తప్పేనని అన్న ఒప్పుకునేవాడు. అమ్మ పోయిన తర్వాత మా ఇంట్లో ఒకరి మాట ఇంకొకరికి అరవకుండా చేరింది ఆ పెట్టెలోంచే. 

ఆ సుఖం మూడు నాలుగేళ్ళు ఉందేమో. ఆ తర్వాత క్యాసెట్లలో పాటల తీరు మారింది, బేస్ గిటారు టక్కు టక్కుమని కొరడా విసిరినట్టు కొత్తరకంగా మోగసాగింది. ట్రూపు నడిపే మాస్టరు సత్తువాచారిలో ఉండేవాడు, అరవాయన, చెడ్డవాడు కాడు. జనం రికార్డులో ఉన్నట్టే కావాలంటున్నారు, నీ గిటారు ఇంకా గోనెసంచిలోంచి మాట్లాడుతున్నది, పికప్ మార్చు, లేకపోతే కీబోర్డు వాయించేవాడు ఎడమచేత్తో బేస్ కూడా వాయించేస్తానంటున్నాడు, అని అన్నతో తేల్చి చెప్పాడు. మద్రాసునుంచి కొత్త పికప్ తెప్పించి చేతిలో పెట్టింది కూడా ఆయనే. గుడియాత్తం గంగమ్మ జాతరలో ప్రోగ్రాం ఉంది, అప్పటికి కొత్త సౌండు ఉండాలి.

అన్నకు రంగుల పని మీద ఉన్నది ఆకలి సంబంధమే, మనసంతా గిటారు మీదే. వేదిక దిగితే వాడు మనిషిగా మిగలడని నాకు తెలుసు. "నాయనకు వినపడకపోతే?" అని మాత్రం అడిగాను. జాతర సీజను గడిస్తే చాలు, మాస్టరు మనసు చల్లబడినాక పాతది మళ్ళీ పెట్టేద్దాం, దాన్ని జాగ్రత్తగా ఉంచు అన్నాడు. నాయనకు చెప్పవద్దనుకున్నాము. ఆయనకు ఏది చెప్పాలన్నా అరవాలి, ఇలాంటిది అరిచి చెప్పడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు.

నాయన గడ్డం గీయించుకోవడానికి పోయిన సమయంలో మార్చాము. మరలు విప్పి, రెండు తీగల అతుకులు కరిగించి, పాతదాన్ని పైకి తీశాను. దానిమీది రేకు మూత తుప్పుపట్టి ఊడి వచ్చి, లోపలి కాయిలు బయటపడింది. కొత్తది కొంచెం వెడల్పు, చెక్కలో గుంటను పెద్దది చేయాల్సి వచ్చింది. ఆ ఉలి పని అన్నే చేశాడు, తన ఒళ్ళు తానే చెక్కుకుంటున్నట్టు మొహం పెట్టుకుని. అతుకులు వేసి, తీగలు బిగించి మీటితే, అబద్ధమెందుకు చెప్పాలి, చాలా గొప్పగా ఉంది. ప్రతి దెబ్బా విడివిడిగా, పదునుగా, పింగాణీ పలికినట్టు మోగింది. అన్న మొహంలో సంతోషం దాచుకుందామన్నా దాగలేదు. పాత పికప్‌ను ఒక డబ్బా మూతలో పెట్టి బల్లమీద నా వైపున ఉంచాను. ఇంతలో ఎవరో పంపుసెట్టు దించారు, పైరు ఎండిపోతున్నదని నెత్తిన కూర్చున్నారు. ఆ వారమంతా ఆ మోటారుతోనే సరిపోయింది, తర్వాత గుడియాత్తం ప్రయాణం.

జాతరకు గుడియాత్తం వీధుల్లో కాలు పెట్టడానికి సందు ఉండదు. మగ్గాలన్నీ ఆగిపోయి ఊరు ఊరంతా బయటే ఉంటుంది. వెలుగుండగానే కచేరీ మొదలైంది. నాయన ఎప్పటిలాగే తెల్లపంచె కట్టుకుని పెట్టె పక్కన తన కుర్చీలో కూర్చున్నాడు, నేను ఆయన పక్కన. మొదటి పాటకే జనం లేచి ఈలలు వేశారు, ఇన్నేళ్ళలో మొదటిసారి అన్న వైపు చేతులు చూపించి మరీ వేశారు. రెండో పాట అయింది. నాయన చేతులు రెండూ మోకాళ్ళమీద పెట్టుకుని బస్సు కోసం కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, క్వారీలో మాట్లాడే గొంతుతో, "మీ అన్న ఇంగా మొదలు పెట్టలేదా మా?" అన్నాడు.

ముందు వరుసల్లో వాళ్ళు తిరిగి చూసి నవ్వారు. వేదిక మీద అన్నకు కూడా ఆ మాట వినపడింది. వాడి వేళ్ళు ఒక్క క్షణం ఎక్కడున్నాయో మరిచిపోయాయి, మాస్టరు గుడ్లురిమి చూశాడు. నేను నాయనకు చేత్తో సైగ చేశాను, ఇంకాసేపట్లో అని. ఆయన తలూపి మళ్ళీ ఎదురుచూశాడు. కచేరీ అయ్యేదాకా అలాగే ఎదురుచూశాడు.

తిరుగు బస్సులో అన్న నాతో ఒకటే మాట అన్నాడు. "రేపే పాతది పెట్టేయ్ మా. మాస్టరు వద్దంటే వద్దననీ." వాడి బతుకులో మొదటిసారి ఈలలు పడిన రోజు అది.

ఇంటికొచ్చి బల్ల దగ్గర చూస్తే డబ్బా మూత ఖాళీగా ఉంది. బల్ల కింద వెతికాను, చెత్తలో వెతికాను, ఆఖరుకు ఏదో తోచి రేకుపెట్టె తలుపు తీస్తే, ఫ్యాను కాయిల్స్ మధ్యలో, ఇనుపకొక్కేనికి అందంగా వేలాడుతూ ఉంది. వార్నీషు నిగనిగలాడుతూ ఉంది, ఒక్క బుడగ లేదు. మోటారు తీగ లావుగా ఉంటుంది, ఆ వార్నీషుకు, ఆ వేడికి తట్టుకుంటుంది. ఇంత సన్నటి తీగ పైపూత ఆ వార్నీషుకే కరిగిపోతుంది. ప్లాస్టిక్కు అచ్చు వంకర తిరిగిపోయి ఉంది. మీటరు పెట్టి చూశాను. ముల్లు కదల్లేదు. చోటు మార్చి మళ్ళీ పెట్టాను, మళ్ళీ కదల్లేదు, లోపల తీగ తెగిపోయింది.

నాయన నా వెనక నిలబడి ఉన్నాడు, పని బాగా చేసినవాడి సంతోషంతో. "ఎవురిదో శానా సన్న కాయిలు మా. పచ్చిగా ఉండాదని మనం పొయ్యే ముందర ముంచి పెట్టినా. బాగుండాదా?" అన్నాడు. నేను మీటరు పక్కన పెట్టాను. అన్న ముందుకు వచ్చి, వీధి చివరిదాకా వినపడేటట్టు, "శానా బాగుండాది నాయనా!" అని అరిచాడు. అరిచి, పెరట్లోకి పోయి బట్టలుతికే బండమీద కూర్చున్నాడు. నేను పోయి పిలిచినా రాలేదు.

ఎవరిని తప్పు పట్టాలి? ఆనవాయితీ మాదే, ఆయన దాన్ని నెరవేర్చాడు. నేను చేయగలిగిందంతా చేశాను. మాడిన తీగ విప్పి కొత్తది చుట్టబోతే నా దగ్గరున్న మిక్సీ తీగ దాని ముందు పగ్గంలా ఉంది. పాత టెలిఫోనుల్లోంచి సన్నటి తీగ సంపాదించి చుట్టాను, ఊపిరి గట్టిగా వదిలితే తెగిపోయేది. ఎన్నోసార్లు తెగి, ఎట్టకేలకు చుట్టడం పూర్తయి గిటారుకు పెడితే, జలుబు చేసిన మనిషి దుప్పట్లోంచి మూలిగినట్టు మోగింది. అన్న అరక్కోణం పోయి అడిగొచ్చాడు, ముసలాయన ఎప్పుడో కాలం చేశాడట. మద్రాసు షాపుల్లో ఆ రకం ఇప్పుడు రాదన్నారు. ఇక కొత్త పికప్‌తోనే, మీటలు అటూ ఇటూ తిప్పి, పెట్టెలో లావు గొంతు పూర్తిగా పెంచి, ఏవేవో చేశాడు. ఆ నెలల్లో నాయన చెవులే ఇంకొంచెం అణగారిపోయాయేమోనని నాకు అనుమానం, ఆ మాట మాత్రం అన్నతో అనలేదు.

అలా ఉండగా ఒకనాడు అన్న సాధన చేస్తుంటే నాయన వచ్చి పెట్టె మీద అరచెయ్యి పెట్టి కూర్చుని, తల ఊపడం మొదలుపెట్టాడు. తాళానికి సరిగ్గా. "మెట్లు దిగే పాట" అన్నాడు, అదే పాట. అన్న గిటారు కింద పెట్టి నన్ను ఎత్తి గిరగిరా తిప్పినంత పని చేశాడు. మీటలు తిప్పి సాధించానన్నాడు. కనపడిన వాళ్ళకల్లా, మా నాయనకు మళ్ళీ వినపడుతున్నదని చెప్పుకున్నాడు. నాయన మళ్ళీ కచేరీలకు రావడం మొదలుపెట్టాడు, ముందులాగే పెట్టె పక్కన కుర్చీ. తప్పులు పట్టడం మాత్రం మానేశాడు. అంతా బాగుందనేవాడు. మా ఆనందంలో అది మాకు పట్టలేదు.

చాలా రోజుల తర్వాత గుడియాత్తంలోనే ఒక పెళ్ళి, మధ్యాహ్నం కచేరీ. నేను నాయన పక్కనే కూర్చున్నాను. పాట సగంలో ఉండగా నా కళ్ళు ఎందుకో పెట్టె మీద పడ్డాయి. దాని ఎర్రలైటు ఆరిపోయి ఉంది. ఫ్యూజు పోయింది. పెట్టెలోంచి చప్పుడు లేదు, వేడి లేదు, ఏమీ లేదు. డ్రమ్ముల హోరులో, కీబోర్డు హోరులో వేదిక మీద ఎవరూ అప్పటికింకా గమనించలేదు. అన్న పెట్టె వైపు చూడలేదు, నాయన తలవైపు చూస్తున్నాడు. అది ఊగుతున్నంతసేపు వాడికి పెట్టె మోగుతున్నట్టే లెక్క. నాయన తల ఊగుతూనే ఉంది. అరచెయ్యి పెట్టె మీద, చూపు అన్న వేళ్ళ మీద. ఏ వేలు ఏ తీగ మీద పడితే ఆ లెక్కన ఊపుతున్నాడు. ఎన్నాళ్ళుగా అలా చూసి చూసి నేర్చుకున్నాడో. మైకు మనిషి పరుగెత్తుకొచ్చి ఫ్యూజు వేశాడు, ఎర్రలైటు వెలిగింది, పెట్టె గుమ్మని మోగింది. నాయన తల ఊగడంలో వెంట్రుకవాసి తేడా రాలేదు.

నేను చూస్తున్నానని ఆయనకు తెలిసిపోయింది. చెవులు పోయినవాడికి కళ్ళే కదా అన్నీ. ఏళ్ళ తరబడి అరవడం తప్ప మెల్లగా మాట్లాడటమే మరిచిపోయిన మనిషి, వంగి నా చెవి దగ్గర నోరు పెట్టి, గాలి కన్న కొంచెం ఎక్కువ గొంతుతో అన్నాడు. "వానికి చెప్పొద్దు మా. నేనే ముంచినా గదా దాన్ని."

మేము ఆయన దగ్గర దాచామనుకున్నాము. బల్లమీద నేను ఆ తీగ తెగగొట్టుకుంటూ కూర్చున్న రోజుల్లోనే ఆయనకు అర్థమై ఉంటుంది. ఆ తర్వాత నాయన ఉన్నన్నాళ్ళూ అన్న ప్రతి కచేరీకీ వచ్చాడు, తల ఊపాడు. కీబోర్డు అబ్బాయి ఎడమచెయ్యి వచ్చి అన్నను వేదిక దింపిన తర్వాత కూడా, ఇంట్లో వాడు గిటారు ఎత్తితే చాలు, వచ్చి పెట్టె పక్కన కూర్చునేవాడు. ఆయన పోయిన రోజు అన్న గిటారును దాని కేసులో పెట్టి మూశాడు.

ఇప్పుడు మోటార్లు కాలిపోతే చుట్టేవాళ్ళు లేరు, కొత్తది కొనడమే చవకట. పికప్‌లు అతుకు కూడా అక్కరలేకుండా ప్లగ్గుతో వస్తున్నాయని, ఇంటికే తెచ్చిస్తారని విన్నాను. చెవి మిషన్లు శనగగింజంత ఉన్నాయి. అన్నకు కూడా కూతురు ఒకటి కొనిపెట్టింది, రంగుల పనికి పోయిన వాడికి చెవులెందుకు పోయాయో మరి, ఆ పెట్టెల పక్కన నిలబడే కావచ్చు. అది పెట్టుకుని పోయిన నెల ఆ గుడియాత్తం పెళ్ళికి కూడా వచ్చాడు, బంతిలో నా పక్కనే కూర్చుని బంధువుల పిల్లలకు చెప్పాడు, మా నాయనకు లోకంలో ఇంకేదీ వినపడేది కాదు, నా వాయింపు మాత్రం ఆఖరు రోజుదాకా వినపడింది అని. ఇంత మంచి మిషన్లు అప్పుడుంటే మా అమ్మ నాయనతో ఏమి చెప్పేదో, ఏమీ తెలియనట్టు మేమందరం ఇన్ని అబద్ధాలు మోయవలసి వచ్చేదా అని నేను ఆలోచిస్తూ ఉన్నాను. "నువ్వు చెప్పు మా, వినపడేది గదా?" అని అన్న నన్ను అడిగాడు. "వినపడేది అన్నా, ఆఖరుదాకా వినపడేది" అని చెప్పాను. వాడు చెవి మిషను సర్దుకుంటూ ఆ మాట ఇంకోసారి చెప్పమన్నాడు.